విమానానికి కింది తోక మేలా, టీ-తోక మేలా?

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఎయిర్‌బస్ ఏ320, ఏటీఆర్ 72 దగ్గర దగ్గరగా ఆగి ఉంటే ముందు వాటి తోకలు చూడండి. ఏ320కి అడ్డ తోక విమానం ఒంటికే అతుక్కుని ఉంటుంది. ఏటీఆర్‌కి అది నిలువు తోక కొస మీద, ఇంగ్లిష్ టీ అక్షరంలా కూర్చుంటుంది.

రెండింటి పనీ ఒకటే: ముక్కు పైకీ కిందకీ ఊగిపోకుండా పట్టి ఉంచడం. తేడా తగిలే గాలిలో ఉంది. మామూలుగా ఎగిరేటప్పుడు రెక్కలు, ప్రొపెల్లర్లు చెదరగొట్టిన గాలి టీ-తోకకు పెద్దగా తగలదు, అందుకే నిలకడగా పనిచేస్తుంది. ఇంజిన్లు వెనక ఒంటికి తగిలించిన జెట్‌లకైతే అడ్డ తోకను పైకెత్తక తప్పదు. కానీ దాన్ని మోయాలంటే నిలువు తోకను గట్టిగా, బరువుగా కట్టాలి. అంత ఎత్తెక్కి తనిఖీ చేయడమూ శ్రమే.

నన్ను భయపెట్టేది మాత్రం డీప్ స్టాల్. ముక్కు మరీ పైకి లేస్తే, రెక్కల వెనక చెదిరిన గాలి సరిగ్గా వెళ్లి పైనున్న తోకను కమ్మేస్తుంది. పైలట్ కంట్రోల్‌ను ఎంత ముందుకు తోసినా ముక్కు దిగదు. 1963 అక్టోబర్ 22న ఇంగ్లండ్‌లో బీఏసీ వన్-ఎలెవన్ తొలి నమూనా పరీక్షల్లో ఇలాగే కూలి, అందులోని ఏడుగురూ చనిపోయారు. ఆ తర్వాత ఆ రకం విమానాల్లో, ముక్కు అంతదాకా లేవకముందే దాన్ని తనంతట తానే కిందికి దించే స్టిక్ పుషర్ పెట్టారు.

కింది తోకకు ఈ గండం చాలా తక్కువ. పైగా తేలిక, కట్టడం సులువు. రెక్కల కింద ఇంజిన్లున్న ప్రయాణికుల జెట్‌కి నా ఓటు దానికే. ఏటీఆర్‌లా రెక్క పైన, ప్రొపెల్లర్లు ముందు ఉన్న విమానానికి టీ-తోకే నప్పుతుంది.