రెండు లీటర్ల టేబుల్ టాప్ గ్రైండర్: మూడేళ్లు వాడాక

మా పాత గ్రైండర్ నేల మీద నిలబెట్టే పెద్ద రకం. బేరింగ్ అరిగి మోత పెట్టేది. చివరికి డ్రమ్ము మీద చెయ్యి వేస్తే షాక్ కొట్టింది. ఆ రోజే ప్లగ్గు పీకేశాం. వంటగది మార్పించుకున్నాకే కొత్తది కొనాలని మా ఆలోచన. గ్రానైట్ గట్టు, గోడ అల్మారాలు, కిటికీ కింద సింకు, అన్నీ కాగితం మీద గీసుకున్నాం కూడా. పిల్లల ఫీజులు కట్టాల్సి రావడంతో ఆ పని వెనక్కి పోయింది.

కొన్నాళ్లు మిక్సీతోనే నెట్టుకొచ్చాం. మిక్సీ బ్లేడు వేగానికి పిండి వెచ్చబడుతుంది, మినప్పప్పు పొంగదు. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే కడపలో పొద్దున రుబ్బిన పిండి సాయంత్రానికల్లా పులిసి వాసన వచ్చేది. ఎర్రకారం పూసి పప్పుల పొడి చల్లిన దోసె తినే ఇంట్లో పిండి బాగాలేకపోతే కారం ఎంత బాగున్నా ఏం లాభం? ఇక ఆగలేక వై.వి. స్ట్రీట్‌లో రెండు లీటర్ల కోయంబత్తూరు గ్రైండర్ కొన్నాం.

తెచ్చిన రోజే పప్పు వేయకండి. గుప్పెడు నానిన బియ్యం వేసి తిప్పి, రాతి పొడి కలిసిన ఆ పిండిని పారబోయాలి. మేము ఇలా రెండు వాయిలు పారబోశాక నీళ్లు తేటగా వచ్చాయి.

రుబ్బే పనిలో దీనికి వంక పెట్టలేను. ముందు కాసిని నీళ్లు పోసి, మిషన్ తిరుగుతుండగా పప్పు కొద్దికొద్దిగా వేయాలి. మధ్యమధ్యలో చన్నీళ్లు చిలకరిస్తుంటే అరగంటలో పిండి వెన్నలా తెల్లగా పొంగుతుంది. చిటికెడు తీసి నీళ్ల గిన్నెలో వేస్తే తేలాలి. తేలిందంటే ఆపేయొచ్చు. మోటారు 150 వాట్లే, అరగంట తిరిగినా యూనిట్‌లో పదో వంతు కూడా కాలదు. ఎర్రకారం, చెనక్కాయల చట్నీ లాంటివి మాత్రం మిక్సీలోనే చేసుకోవాలి. కొంచెమే వేస్తే రాళ్లకు అందదు.

రెండో ఏడాది బెల్టు సాగింది. పిండి గట్టిపడగానే డ్రమ్ము నిదానించి రబ్బరు కాలిన వాసన వచ్చింది. వెంటనే ఆపి మార్పించాం, పెద్ద ఖర్చేం కాలేదు. వాసన వచ్చినా తిప్పుతూ పోతే మోటారు కాలుతుంది. పైమూత ప్లాస్టిక్ నాసిరకం, అంచు పగిలింది. కొబ్బరి తురిమే అమరిక పనికొస్తోంది. చపాతీ పిండి కలిపేది అటక మీద ఉంది. రాళ్లను కడిగి గాలికి ఆరబెట్టాలి, తడి మీద మూత పెడితే ముక్కిపోయిన వాసన పట్టుకుంటుంది.

మా గట్టు మామగారు వేయించిన కడప నల్లబండ. అది సున్నపురాయి కాబట్టి చింతపండు పులుసు, నిమ్మరసం పడ్డ చోటల్లా నునుపు పోయి తెల్లటి మచ్చలు పడ్డాయి. బండ ఒక పక్కకు కాస్త వాలి ఉండడంతో గ్రైండర్ తిరిగేటప్పుడు మెల్లగా అంచు వైపు జరిగేది. కింద రబ్బరు మ్యాట్ వేశాక కుదురుకుంది.

ఇన్నాళ్లు దీంతో పనిచేశాక మేం గీసుకున్న వంటగది బొమ్మే మారిపోయింది. మామూలు గట్టు ఎత్తులో పెడితే పిండి నిండిన డ్రమ్మును ఛాతీ దాకా ఎత్తి దించాలి. అందుకే సింకు పక్కన రెండడుగుల ఎత్తులో గ్రైండర్ కోసమే చిన్న గట్టు కావాలి. కడిగిన నీళ్లు చిందని దూరంలో, ఎర్త్ సరిగ్గా ఉన్న త్రీపిన్ సాకెట్ ఒకటి దానికే ఉండాలి. షాక్ తిన్న చేతులు కదా, ఎర్త్ విషయంలో నేను రాజీపడను. అల్మారాల రంగు గురించి తర్వాత చూసుకుంటాం.

మీరు కొనేటప్పుడు షాపులోనే డ్రమ్మును రాళ్లతో సహా ఎత్తి చూడండి. ఇంట్లో దానికి పిండి బరువు కూడా కలుస్తుంది. భుజాల నొప్పి ఉన్నవాళ్లు ధర ఎక్కువైనా డ్రమ్మును వంచి పిండి తీసుకునే టిల్టింగ్ రకం తీసుకోవడమే మంచిది. ఇద్దరే ఉండే ఇంటికి ఇంతకంటే చిన్న సైజు సరిపోతుంది.