సోంక్రాన్‌కు వెళ్తున్నారా, ముందు పెట్టె సంగతి చూసుకోండి

ఉగాది పచ్చడి తిన్న రెండో రోజే నేనూ మా సుజాతా హైదరాబాద్‌లో బ్యాంకాక్ విమానం ఎక్కాం. 2024లో మన ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. థాయ్‌లాండ్ వాళ్ళ కొత్త సంవత్సరం సోంక్రాన్, వీధుల్లో ఒకరి మీద ఒకరు నీళ్ళు పోసుకునే పండగ, ఏటా ఏప్రిల్ 13, 14, 15 తేదీల్లోనే. మనది చంద్రుడి లెక్క, వాళ్ళది సూర్యుడు మేషంలో అడుగుపెట్టే లెక్క. పేరు కూడా మన సంక్రాంతే, అక్కడి నోళ్ళలో నాని సోంక్రాన్ అయింది. పైగా అప్పటికి భారతీయులకు వీసా అక్కర్లేదు. సుజాతకు ఇంతకన్నా కారణాలు అవసరం లేదు. నేనేమో హోలీ నాడు తలుపు గడియ వేసుకుని కూర్చునే రకం.

"మూడు రోజులు తడిస్తే కరిగిపోతావా?" అంది. కరిగిపోలేదు గానీ, ఆ మూడు రోజుల్లో పొడిగా మిగిలిన వస్తువంటూ నా దగ్గర ఒక్కటీ లేదు.

బ్యాంకాక్‌లో బస సీలోమ్ వీధికి ఆనుకున్న సందులో. సువర్ణభూమి విమానాశ్రయం నుంచి రైలుకు 45 బాత్‌లు, అప్పటి మారకంలో వంద రూపాయల పైచిలుకు. ఫాయాతాయ్‌లో దిగి, వంతెన మీద నడిచే బీటీఎస్ రైలెక్కి, సయామ్‌లో మారితే సాలా డేంగ్ స్టేషన్. అక్కడ దిగితే సీలోమే. రెండు స్టేషన్ల అవతల ప్రశాంతంగా గది తీసుకుందామని నేను, గొడవ మధ్యలోనే ఉందామని తను వాదించుకున్నాం. తనే గెలిచింది, తన మాటే సరైనదని ఒప్పుకుంటున్నాను. కారణం వీధి అందం కాదు, మరుగుదొడ్డి. వేలమంది జనంలో, నెత్తి నుంచి కాలి దాకా తడిసి, ఐదు నిమిషాల నడకలో సొంత గది ఉండటం ఎంత భాగ్యమో అనుభవిస్తేనే తెలుస్తుంది. హోటల్ వాళ్ళు వరండా అంతా ప్లాస్టిక్ పట్టాలు పరిచారు. గుమ్మంలోనే ఒక కుర్రాడు తువ్వాళ్ళ దొంతరతో నిలబడి, నీళ్ళ తుపాకీ ఖాళీ చేస్తే గానీ ఎవరినీ లోపలికి రానివ్వలేదు. గది ఇరుకు, కిటికీ తీస్తే ఎదురుగా గోడ. అయినా ఆ తువ్వాళ్ళ కోసం మళ్ళీ అక్కడికే వెళ్తాను.

13వ తేదీ పొద్దున వాట్ ఫో అనే బౌద్ధాలయానికి వెళ్ళాం. బుద్ధ విగ్రహాల మీద చిన్న చిన్న గిన్నెలతో పూల నీళ్ళు పోస్తున్నారు, పెద్దవాళ్ళు తెల్లని దుస్తుల్లో నెమ్మదిగా వరసలో కదులుతున్నారు. ఈ నీళ్ళే మధ్యాహ్నానికి ఫిరంగులవుతాయని అక్కడ చూసిన వాళ్ళెవరూ నమ్మరు.

సీలోమ్‌లో మధ్యాహ్నం నుంచి వాహనాలు ఆపేశారు. జనం నడవడం లేదు, ఒకరినొకరు తోసుకుంటూ జరుగుతున్నారు. బల్లల మీద తుపాకులు, పక్కన పీపాల్లో నీళ్ళు, ఆ నీళ్ళలో ఐసు దిమ్మలు. ఎండ మాడ్చేస్తున్నప్పుడు మెడ వెనక ఐసు నీళ్ళు పడితే అరవడానికి కూడా ఊపిరి అందదు. నా మొదటి అరుపు వచ్చేసరికి కొట్టిన పిల్లవాడు చేతులు జోడించి, నవ్వి, ఇంకోసారి కొట్టాడు. చెంపలకు పూసే తెల్లటి పిండి ఒకటి ఉంది, సుద్ద లాంటి మట్టిని నీళ్ళలో కలిపింది. పూసేవాళ్ళు ముందు కళ్ళతో అడుగుతారు, తల అడ్డంగా ఊపితే వెళ్ళిపోతారు. సీలోమ్‌లో నాకు నచ్చింది ఇదే.

డబ్బు విషయం ఒకటి చెప్పాలి. 20 బాత్‌ల నోటు ఇప్పుడు ప్లాస్టిక్‌ది, ఎంత తడిసినా చెక్కు చెదరదు. వంద నోట్లు మాత్రం అప్పటికి కాగితమే. తుపాకీలో నీళ్ళు నింపే ఆవిడ వాటిని విడదీసి, బట్టల క్లిప్పులతో తీగకు తగిలించి ఆరబెట్టింది. నా నోట్లు కూడా అక్కడే ఊగాయి. చిల్లరంతా ఇరవైల్లో ఉంచుకోండి. మెడలో వేసుకునే ఫోను సంచి వీధిలో కొనకుండా ముందురోజే కొని, లోపల కాగితం పెట్టి నీళ్ళలో ముంచి చూడండి. మేము కొన్న రెండింటిలో ఒకటి కారింది.

కాళ్ళు పీకుతున్నప్పుడు సాలా డేంగ్ స్టేషన్ పక్క పైనడక వంతెన ఎక్కి కిందికి చూశాం. ఫొటోలకు అంతకంటే మంచి చోటు లేదు. మంచి ఫొటో తీయాలంటే ఆ ఫోను బతికి ఉండాలి, అది వేరే విషయం.

తిండికి కాస్త ఇబ్బంది. చిన్న హోటళ్ళ వాళ్ళు పండక్కి ఊళ్ళకు వెళ్ళిపోయారు. సుజాత శాకాహారి, చేపల సాస్ లేని వంటకం దొరకడం మామూలు రోజుల్లోనే కష్టం. సీలోమ్‌లోనే ఉన్న మారియమ్మన్ గుడి దగ్గర సందులో దోసె దొరికి గండం గడిచింది.

సాయంత్రం ఖావ్ సాన్ రోడ్డు. వద్దు. ఇరుకు వీధి, రెండువైపులా చెవులు పగిలే పాటలు, మధ్యలో ఊపిరాడని తొక్కిడి. చీకట్లో ఎవరి చెయ్యి ఎక్కడ తగిలిందో తెలియని గుంపులో ఆడవాళ్ళకు సరదా ఏముంటుంది? ఇరవై నిమిషాల్లో బయటపడ్డాం. "ఇది నువ్వు చెప్పినట్టే ఉంది" అని సుజాత ఒప్పుకున్న ఒకే ఒక్క చోటు అది.

14న పొద్దునే ఉత్తరాన ఉన్న చియాంగ్ మాయ్ నగరానికి విమానం. రాత్రి రైలులో వెళ్దామని ముందు అనుకున్నాం గానీ సోంక్రాన్‌కు దేశమంతా సొంతూళ్ళకు కదులుతుంది, పడక టికెట్లు మాకు దక్కలేదు. ఇక్కడే మా పెద్ద తప్పు. పాత ఊరు చతురస్రంగా ఉంటుంది, చుట్టూ కందకం. మా బస కందకం లోపల. సోంగ్‌థేవ్ అనే ఎర్రటి షేర్ బండి డ్రైవరు కందకం ఇవతలే ఆపి, "ఇక నడక" అన్నట్టు వేళ్ళతో చూపించాడు. అప్పట్లో మామూలుగా 30 బాత్‌లు తీసుకునే బండి, ఆ రోజు మనిషికి 150.

చక్రాల పెట్టెలు లాక్కుంటూ రెండు ఆడప్రాణులు. ఇంతకంటే మంచి గురి ఎవరికి దొరుకుతుంది? తాడు కట్టిన బకెట్లతో కందకం నీళ్ళు తోడి కుమ్మరించారు. ఆ నీళ్ళు ఆకుపచ్చ, కాస్త నాచు వాసన. నోరు మూసుకుని నడవండి, ఇది పరాచికం కాదు. ఒక ముసలావిడ మాత్రం పెట్టెలు చూసి జాలిపడి, వెండి గిన్నెలోంచి మల్లెరేకుల నీళ్ళు నా భుజం మీద దోసెడు పోసి ఏదో దీవించింది. ఆ దీవెన పూర్తయ్యేలోపే ఆవిడ మనవడు బకెట్టు ఎత్తాడు.

అంత జరిగినా రెండు ఊళ్ళలో చియాంగ్ మాయ్‌కే నా ఓటు. పిల్లలు, తాతలు, ట్రక్కుల్లో పీపాలు పెట్టుకుని తిరిగే కుటుంబాలు, అంతా ఇంటి పండగలా ఉంది. ఒక లోపం, ఏప్రిల్‌లో అక్కడ అడవులు, పొలాలు తగలబడిన పొగ. దోయ్ సుతేప్ కొండ మాకు కనిపించనే లేదు. ఉబ్బసం ఉన్నవాళ్ళు వెళ్ళకండి. స్కూటర్ అద్దెకు తీసుకోకండి. పండగ చుట్టూ ఉన్న వారాన్ని అక్కడి ప్రభుత్వమే "ప్రమాదకరమైన ఏడు రోజులు" అని పేరు పెట్టి రోడ్డు ప్రమాదాలు లెక్కిస్తుంది.

బస యజమానురాలు మా పెట్టెలు చూసి మాట్లాడకుండా గది అద్దెలో కొంత తగ్గించి, పెరట్లో రెండు దండేలు కట్టించింది. పాస్‌పోర్టులు రెండేసి సంచుల్లో ఉండి బతికాయి. సుజాత ఇంటి నుంచి తెచ్చుకున్న కందిపొడి డబ్బా మూత వదులుగా ఉందట. పెట్టె తెరిచేసరికి పొడి పచ్చడై, తన నాలుగు జతల బట్టలకూ సమంగా పట్టింది.