కడియపులంకలో కొన్న పర్పుల్ ఫౌంటెన్ గ్రాస్: మొక్క బాగుంది, మట్టి సంగతి చూసుకోండి

ప్రహరీ పక్కన రోజంతా ఎండ కాసే చోట ఎత్తుగా పెరిగే అందమైన గడ్డి కావాలంటే పర్పుల్ ఫౌంటెన్ గ్రాస్ కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు. మేం రాజమండ్రి దగ్గర కడియపులంకలో ఒక నర్సరీలో తీసుకున్నాం. ఆన్‌లైన్‌లో చూసిన ధరలో సగం కూడా పడలేదు, పైగా ఏ కవరులో పిలకలు ఎక్కువున్నాయో చూసి మరీ ఏరుకోవచ్చు.

నాకు బాగా నచ్చింది అక్కడి పెద్దాయన ఇచ్చిన సలహా. ఆకుపచ్చ రకం అడిగితే, "వద్దండీ, దాని గింజలు గాలికి పోయి పక్కింటివాళ్ల పెరట్లో కూడా మొలుస్తాయి, ఈ ఎర్రది తీసుకోండి" అన్నారు. నిజమే, ఎర్ర రకానికి, అంటే ఈ పర్పుల్ దానికి, మొలకెత్తే గింజలు దాదాపు పట్టవు, పిలకలు విడదీసే పెంచుతారు. అమ్ముకోవడమే పనిగా పెట్టుకుంటే ఆ మాట చెప్పక్కర్లేదు కదా.

అయితే ఒక స్టార్ తగ్గించాను. వేళ్ల చుట్టూ గట్టి బంకమట్టి ముద్ద ఉంటుంది, ఎండితే రాయిలా బిగుసుకుపోయి, పోసిన నీళ్లు లోపలికి దిగకుండా పక్కల నుంచి జారిపోతాయి. ఈ విషయం కొనేటప్పుడే చెప్పాలి, ఎవరూ చెప్పలేదు. ముద్దని బకెట్ నీళ్లలో నానబెట్టి, వేళ్లు తెగకుండా మట్టి కాస్త వదులు చేసి, ఇసుక, కంపోస్టు కలిపిన మట్టిలో నాటండి. మొక్కకీ మొక్కకీ మధ్య మూడడుగులు వదిలేయండి, నాలుగడుగుల ఎత్తు పెరిగి, పక్కలకి కూడా బాగా పరుచుకుంటుంది.

నీడలో పెడితే ఎరుపు తగ్గి ఆకులు ఆకుపచ్చగా మారతాయి. యూరియా జోలికి వెళ్లొద్దు, కాడలు మెత్తబడి వాలిపోతాయి. వానాకాలం మొదట్లో నీళ్లు నిలవకుండా చూసుకుంటే చాలు. ఎండుటాకులు పేరుకుంటే ఫిబ్రవరిలో దుబ్బంతా తాడుతో కట్టేసి, నేల నుంచి జానెడు ఉంచి కొడవలితో కోసేయండి, ఆ తర్వాత వచ్చే చిగురు రంగు చూసి తీరాలి! రెండు మూడేళ్లకి దుబ్బు మధ్యలో బోలు పడితే తవ్వి విడదీసి మళ్లీ నాటుకోవచ్చు.

తెల్లటి పెద్ద కుచ్చుల్లాంటి కంకులు వేసే పంపాస్ గడ్డి మీద మనసున్నవాళ్లు కూడా ఉంటారు, కానీ దాని ఆకు అంచులు చేతులు కోసేస్తాయి, పిల్లలు తిరిగే ఇంట్లో మాత్రం వద్దు.

కారులో తెచ్చుకునేవాళ్లు కంకులు విరగకుండా గోనెసంచిలో నిలబెట్టి కట్టమని అడగండి, మాకు డబ్బులేం తీసుకోకుండానే కట్టిచ్చారు.