సైకిల్ యాత్రకు నెల ఎంచుకునేవారికి వెదర్‌స్పార్క్: ఒక సమీక్ష

వేల కిలోమీటర్ల సైకిల్ యాత్రకు సిద్ధమయ్యేవారిలో చాలామంది ముందు మార్గాన్ని ఖరారు చేసుకుని, వాతావరణం సంగతి బయలుదేరే వారంలో ఫోన్‌లో చూసుకుంటారు. పది రోజులు దాటితే ఏ వాతావరణ సూచననూ పెద్దగా నమ్మలేం కనుక, నెలల తరబడి సాగే యాత్రకు అది చాలదు. ఏ ప్రాంతంలో ఏ నెల సాధారణంగా ఎలా ఉంటుందో ముందే తెలిస్తే మార్గాన్నీ, బయలుదేరే తేదీనీ, వెళ్లే దిశనూ కలిపి నిర్ణయించుకోవచ్చు. నేను చూసిన సాధనాల్లో ఈ పనికి అన్నిటికంటే బాగా ఉపయోగపడేది వెదర్‌స్పార్క్ వెబ్‌సైటు.

ఊరి పేరు ఇస్తే, 1980 నుంచి 2016 వరకు నమోదైన వివరాల ఆధారంగా ఆ ఊరి ఏడాది వాతావరణాన్ని గ్రాఫుల రూపంలో చూపిస్తుంది. ఉష్ణోగ్రత విషయంలో సగటు గీతతో సరిపెట్టకుండా, దాని చుట్టూ రంగు పట్టీలు గీసి, ఎక్కువ రోజులు ఏ హద్దుల మధ్య గడుస్తాయో చెబుతుంది. గుడారంలో పడుకునేవారికి సగటు కన్నా ఈ పట్టీల కింది అంచే ముఖ్యం, ఎందుకంటే ఏ స్లీపింగ్ బ్యాగ్ తీసుకెళ్లాలో తేల్చేది ఆ అంచే.

నా దృష్టిలో ఈ సైటుకున్న అసలు విలువ గాలి గ్రాఫులలో ఉంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కుతున్న వ్యక్తికి అంతే వేగంతో ఎదురుగాలి తగిలితే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. వాన పడితే ఆగి తలదాచుకోవచ్చు గానీ రోజంతా వీచే ఎదురుగాలిని తప్పించుకునే దారి ఉండదు. ఇక్కడ నాలుగు దిక్కుల నుంచి గాలి ఎంత శాతం సమయం వీస్తుందో నాలుగు రంగుల్లో ఏడాది పొడవునా పరిచి చూపిస్తారు. దక్షిణ అమెరికా దక్షిణ కొసన ఉన్న పటగోనియాలో, దక్షిణ భాగపు ఊళ్ల పేజీలు తెరిస్తే పడమటి గాలి వాటా కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. అక్కడ గాలి ఉధృతి వేసవిలోనే ఎక్కువ కాబట్టి, చలి తగ్గుతుందని అక్కడి వేసవి నెల డిసెంబరును ఎంచుకునేవారికి మార్గంలో పడమరకు సాగే భాగాలు ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. అయితే ఇందులోని వేగాలు నేలకు 10 మీటర్ల ఎత్తున లెక్కించినవి; సైకిల్ మీద కూర్చున్న ఎత్తులో గాలి కాస్త తక్కువగానే ఉంటుంది.

ఉక్కపోతను డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) ఆధారంగా లెక్కగట్టడం కూడా మంచి పద్ధతి, ఎందుకంటే చెమట ఆరుతుందా లేదా అన్నది ఉష్ణోగ్రత ఒక్కటే చెప్పలేదు. పగటి నిడివి గ్రాఫును మాత్రం చాలామంది పట్టించుకోరు. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర జూన్‌లో పగలు 18 గంటలు దాటుతుంది, డిసెంబరులో ఆరు గంటలకు లోపే ముగుస్తుంది. రోజుకు ఎంత దూరం పెట్టుకోవాలో ఈ తేడాను బట్టే నిర్ణయించుకోవాలి.

కొండదారుల్లో ఈ సైటును అలాగే నమ్మకూడదు. గాలి వివరాలు భూమిని గడులుగా విభజించి పాత వాతావరణాన్ని లెక్కగట్టిన నాసా వారి మెర్రా-2 నుంచి తీసుకున్నవి, అందులోని ఒక్కో గడి దాదాపు 50 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. లోయలో మధ్యాహ్నం లేచే గాలి, కనుమ మీద కమ్మే మేఘం అంత పెద్ద గడిలో కలిసిపోతాయి. తజికిస్తాన్‌లో పామిర్ పర్వతాల మీదుగా సాగే పామిర్ రహదారిపై ముర్గాబ్ పట్టణం సుమారు 3,600 మీటర్ల ఎత్తున ఉంటే, అక్కడికి దగ్గరలోని అక్‌బైతాల్ కనుమ 4,655 మీటర్ల ఎత్తుంది. ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గించే లెక్క వేసుకుంటేనే పట్టణపు పేజీ కనుమకు పనికొస్తుంది. పైగా కనుమ దిగేటప్పుడు 5 డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తే శరీరానికి దాదాపు -1 డిగ్రీ చలి తగిలినట్టుంటుంది. లెక్కలు 2016తో ఆగిపోయాయి, ఆ తర్వాత ఎండలు ఇంకా పెరిగాయి కనుక, వేసవి నెలలకు చూపే గరిష్ఠ ఉష్ణోగ్రతలను కాస్త తక్కువ అంచనాగానే తీసుకోవాలి.

రెండు మూడు ఊళ్లను పక్కపక్కన పోల్చే వీలుంది గానీ, మార్గం గీసి, బయలుదేరే తేదీ ఇచ్చి, ఏ తేదీకి ఎక్కడ ఏ వాతావరణం ఎదురవుతుందో ఒకేసారి చూసుకునే సదుపాయం లేదు. అందుకని నేను దారిలో ప్రతి 300 కిలోమీటర్లకు ఒక ఊరిని ఎంచుకుని, అక్కడికి చేరే వారాన్ని అంచనా వేసి, కనిష్ఠ ఉష్ణోగ్రత, వాన రోజులు, గాలి దిక్కు అనే మూడింటినీ ఒక పట్టికలో రాసుకుంటాను. బయలుదేరే తేదీని మూడు వారాలు అటూ ఇటూ జరిపి అదే పట్టికను మళ్లీ నింపితే ఏ నెల మేలో స్పష్టంగా తెలుస్తుంది. ఈ పనికి ఒక సాయంత్రం పడుతుంది.