పాట గుర్తుపట్టే యాప్, నాలుగేళ్ల వాడకం: బాలు గారి గొంతు దొరికిన చోట్లు, దొరకని ఒక్క చోటు

నేను రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్‌ని. ఇందుకూరుపేట, మైపాడు, విడవలూరు, అల్లూరు, కావలి... రోజూ బండి మీదే తిరుగుడు. చిన్నప్పటి నుంచి గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, అంటే మన బాలు గారంటే ప్రాణం. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయాక కొన్ని నెలలు పాట పెట్టుకోలేకపోయాను. మరుసటి ఏడాది ఒక అలవాటు మొదలైంది. దారిలో ఎక్కడ ఆయన గొంతు వినపడినా బండి పక్కకి ఆపి, ఈ యాప్ తెరిచి ఒక్కసారి నొక్కడం. తెలిసిన పాటే అయినా నొక్కుతాను. పాట పేరు కోసం కాదు. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ ఊళ్లో విన్నానో అది రాసిపెడుతుంది. నాకు కావాల్సింది ఆ జాబితా.

యాప్ పేరు రాయడం లేదు. ఇలాంటివి రెండు మూడు వాడి చూశాను, ఇంచుమించు అన్నీ ఒకలాగే ఉన్నాయి. ఎలా పనిచేస్తుందో ఇప్పుడు అందరికీ తెలుసు కాబట్టి అదీ వదిలేస్తున్నాను. నేను చెప్పాలనుకున్నది ఒక్క ఫీచర్ గురించి. నెట్ లేని చోట నొక్కినా ఊరుకోదు. విన్న ముక్కని దాచుకుని, సిగ్నల్ రాగానే వెతికి చెబుతుంది.

రొయ్యల గుంటల దగ్గర సిగ్నల్ ఎలా ఉంటుందో అక్కడ తిరిగే వాళ్లకే తెలుసు. సముద్రం వైపు వెళ్లే కొద్దీ ఒక్కో గీత పోతుంది. పొద్దున గుంట దగ్గర నొక్కిన పాట సాయంత్రం కోవూరు దాటి పెన్నా వంతెన ఎక్కేటప్పుడు టింగుమంటుంది. బండి ఆపి చూస్తే ‘దొరికింది’ అని ఉంటుంది. రోజంతా చెక్ ట్రేలు (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్లేలు) చూసి, మేత లెక్కలు చెప్పి, రైతుల టెన్షన్ విని అలిసిపోయి వస్తుంటే, పొద్దున విన్న గొంతు మళ్లీ పలకరించినట్టు ఉంటుంది. నాలుగేళ్లయినా ఆ టింగు మీద మోజు తీరలేదు.

ఆ జాబితాలో ఏమేం ఉన్నాయో కొంచెం చెబుతాను. మైపాడు బీచ్‌లో చేప వేయించే బండి దగ్గర ఒకటి. ఆత్మకూరు బస్టాండు ఎదురుగా మంగలి షాపులో మూడు, మూడూ వేరే వేరే ఏళ్లలో. హైవే మీద ఒక ధాబా ముందు ఆగిన కర్ణాటక లారీలోంచి వచ్చిన కన్నడ పాట ఒకటి. ఆ పాట నేను జన్మలో వినలేదు. గొంతు మాత్రం మన ఇంట్లో మనిషిదే. ఆ డ్రైవరుకి తెలుగు రాదు, నాకు కన్నడ రాదు. ఫోన్ చూపించి ‘బాలు, మా నెల్లూరు’ అన్నాను. ఆయన నవ్వి, సౌండు ఇంకాస్త పెంచాడు. గూడూరు రైల్వే స్టేషన్‌లో ఒకటి ఉంది, ఎవరి ఫోన్‌కో వచ్చిన రింగ్‌టోన్. గూడూరులో అనేసరికి నాకు ఒళ్లు పులకరించింది. బాలు గారు ఇంకా కుర్రాడిగా ఉన్నప్పుడు పాటల పోటీలో ఆయన గొంతు విని, ఎస్. జానకి గారు సినిమాల్లో ప్రయత్నించమని చెప్పింది ఆ గూడూరులోనే.

యాప్‌కి అందనివీ ఉన్నాయి. ఆటో వెనక అద్దం మీద వేసిన బొమ్మ, టిఫిన్ సెంటర్‌లో దేవుడి పటాల పక్కన దండ వేసిన ఫొటో, నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల బోర్డు మీద 2020 నుంచి చేరిన ఆయన పేరు. అవి వినపడవు కదా. ఒకసారి తిప్పరాజువారి వీధికి వెళ్లాను. ఆయన తన ఇంటిని 2020 ఫిబ్రవరిలో కంచి మఠానికి వేద పాఠశాల కోసం ఇచ్చేశారు, పోవడానికి ఏడు నెలల ముందు. వాళ్ల నాన్న సాంబమూర్తి గారు హరికథలు చెప్పుకున్న కాలం నుంచి ఆ కుటుంబం తిరిగిన వీధి అది. అక్కడ నిలబడి ఏమీ నొక్కలేదు. ఆ రోజుది జాబితాలో లేదు, నాకు మాత్రం గుర్తుంది.

మొదటి ఏడాది నేను ఈ యాప్‌ని కనపడిన వాళ్లందరికీ చెప్పాను, వాళ్ల ఫోన్లలో నేనే వేసి ఇచ్చాను. ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను. ఎందుకంటే జాబితా పెద్దదయ్యాక ఒకరోజు బాలు గారి పేరు కొట్టి వెతికాను. సగం కూడా రాలేదు. పాట దొరికినా చాలా వాటికి పేరు దగ్గర సంగీత దర్శకుడి పేరే ఉంటోంది. ఇళయరాజా అని, కీరవాణి అని. కొన్నిటికి సినిమా పేరు తప్ప ఏమీ లేదు. పాడిన మనిషిని వెతికితే పాడిన మనిషే దొరకకపోతే ఎట్లా? వాళ్లిద్దరూ మహానుభావులే, కాదనను. కానీ నేను బండి ఆపింది ఆ గొంతు కోసం. రెండు ఆదివారాలు కూర్చుని వేరే నోట్స్‌లో అన్నీ చేత్తో ఎక్కించుకున్నాను. పాత టేప్ రికార్డరు మీద క్యాసెట్టు కొంచెం వేగంగా తిరిగితే శ్రుతి మారిపోతుంది, అప్పుడు కూడా గుర్తుపట్టదు. మనకి మాత్రం తెలిసిపోతూనే ఉంటుంది.

ఇక ఆ రాత్రి సంగతి. పోయిన ఏడాది, విడవలూరు అవతల ఒక గుంట. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ పడిపోతోందని రైతు ఫోన్ చేస్తే వెళ్లాను. పది దాటింది. నీళ్లని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు అన్నీ తిరుగుతున్నాయి, పక్కన మనిషి మాట కూడా వినపడదు. అవతలి గట్టు మీద కాపలా తాత గుడిసె. ఆ హోరులోంచి సన్నగా బాలు గారి పాట వచ్చింది. ముక్కలు ముక్కలుగా వినపడుతోంది, ఏ పాటో తెలియలేదు. అలవాటు కొద్దీ నొక్కాను, సిగ్నల్ లేదు, దాచుకుంది. కాసేపటికి మళ్లీ ఆయన గొంతే. ఈసారి చాలా నెమ్మదిగా, ఎవరినో లాలించినట్టు. మళ్లీ నొక్కాను. నీళ్ల పని అయ్యేసరికి ఒంటిగంట. తాత పడుకున్నాడు. లేపలేదు.

కోవూరు దాటాక టింగుమంది. మొదటిది దొరికింది, ‘అన్నమయ్య’ సినిమాలో పాట, పేరు దగ్గర ఎప్పటిలాగే కీరవాణి. రెండోది మాత్రం దొరకలేదు. ఆ చీకట్లో వంతెన మీద ఫోన్ చెవికి ఆనించి మరీ చూశాను, ఆ ముక్కని మనకి వినిపించే ఏర్పాటు లేదు. ఇంటికొచ్చి పడుకున్నా నిద్ర రాలేదు. అన్నమయ్య పాటలన్నీ నాకు కంఠస్థం. అంత నెమ్మదైన పాట అందులో ఏదీ? నేను వినని బాలు గారి పాట ఒకటి ఆ గట్టు మీద ఉందా?

మర్నాడు పని లేకపోయినా వెళ్లాను. ‘తాతా, రాత్రి పాట తర్వాత ఇంకో పాట పెట్టావే, అదేంది?’ అని అడిగితే తాత ఫోన్ తీశాడు. మనవడు మెమరీ కార్డులో సినిమాలు వేసి ఇచ్చాడట, నెట్ అక్కర్లేకుండా.

‘పాట కాదు నాయనా అది. సామి మాట్లాడతా ఉండాడు’ అన్నాడు.

పెట్టి చూపించాడు. చివర్లో అన్నమయ్య పాడటం, వేంకటేశ్వరస్వామి ప్రత్యక్షమై మాట్లాడటం. అన్నమయ్యగా నాగార్జున, స్వామిగా సుమన్. ఆ మాటలు బాలు గారివి. 1997లో వచ్చిన ఆ సినిమాకి డబ్బింగ్ చెప్పినందుకు ఆయనకి నంది అవార్డు కూడా వచ్చింది. కమల్ హాసన్‌కి ఎన్నేళ్లు గొంతిచ్చారో, తెలుగు ‘దశావతారం’లో పది పాత్రల్లో ఏడింటికి ఆయనే చెప్పారని, అన్నీ నాకు తెలుసు. ఇదీ తెలుసు. కానీ చీకట్లో, ఏరియేటర్ల హోరులో, బొమ్మ కనపడకుండా విన్నప్పుడు నాకు పాడిన మనిషి, బదులు చెప్పిన మనిషి ఒక్కరేనని తెలిసింది. పిలిచిన భక్తుడిదీ, పలికిన దేవుడిదీ ఒకే గొంతు. ఎన్నిసార్లు చూసిన సినిమా! బొమ్మ చూస్తూ విన్నంత కాలం నాగార్జున పిలిచాడు, సుమన్ పలికాడు అనుకున్నాను.

తాతకి చెబితే నమ్మలేదు. ‘సుమన్ గొంతు కాదా?’ అని రెండుసార్లు అడిగాడు. కళ్లు మూసుకుని వినమన్నాను. పాట కొంచెం, మాటలు కొంచెం, మళ్లీ పాట. మూడోసారికి తల ఊపాడు. ‘మన నెల్లూరాయనేనా!’ అని ఫోన్‌కి దణ్ణం పెట్టాడు.

యాప్ తప్పు చేసిందని అనను. అది పాటల్ని పోల్చి చూస్తుంది, సినిమాలో మాటలు దాని లెక్కలో లేవు. అది దొరకలేదని చెప్పబట్టే నేను మర్నాడు వెళ్లి అడిగాను. దొరికి ఉంటే ఇంకో వరుస చేరేది, అంతే.

వాడమంటారా అంటే, నాలాగా రోజంతా బయట తిరిగే వాళ్లకీ, సిగ్నల్ లేని చోట్ల పని ఉన్న వాళ్లకీ బాగుంటుంది. జాబితా కోసమైతే గాయకుల పేర్లు మీరే రాసుకోవాలి, ఆ ఓపిక ఉంటేనే. మా ఆవిడ ఫోన్‌లో వేస్తే నెలలోపే తీసేసింది. ఇంట్లో టీవీ, ఎదురింటి రేడియో తప్ప ఆమెకి కొత్తగా వినపడేది లేదు, ఏ పాట ఎవరిదో నాకంటే ముందే చెబుతుంది కూడా.

ఆ గుంటలో రొయ్యల పట్టుబడి అయ్యాక తాత అల్లూరు వైపు వేరే గుంటలకి మారాడు. ఆ దారిన వెళ్తే ఆగుతాను. అక్కడ రోడ్డు పక్కనే టవర్ ఉంది, ఫోన్ వెంటనే చెప్పేస్తుంది. ఫోన్ జేబులోనే ఉంచి, తాత పక్కన కూర్చుని వింటున్నాను.