బోరు నీళ్లా, మంజీరా నీళ్లా, ఆర్‌ఓ నీళ్లా: అక్వేరియంకి ఏవి మేలు?

ఫిల్టర్ ఏది కొనాలి, మేత ఏది వెయ్యాలి అని అడిగేవాళ్ల కన్నా "ఏ నీళ్లు పొయ్యాలి?" అని అడిగేవాళ్లే ఈ మధ్య ఎక్కువయ్యారు. అడిగే గొంతులో భయం కూడా ఉంటుంది. "మా బోరు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) 900 అండీ, చేపలు బతుకుతాయా?" ఆర్‌ఓ బిగించడానికి వచ్చిన కుర్రాడు పెన్నులాంటి మీటరు గ్లాసులో ముంచి, అంకె చూపించి బెదరగొట్టి పోయాడన్నమాట.

హైదరాబాద్‌లో మియాపూర్ వైపు మా అపార్ట్‌మెంట్‌లో మూడు రకాల నీళ్లూ ఉన్నాయి. మూడూ వాడాను. మా బోరు టీడీఎస్ 850, మున్సిపల్ నీళ్లది (మేం మంజీరా అనేది వీటినే) 280, ఆర్‌ఓది 40. ఈ అంకెలు చూసి నేనూ ఒకప్పుడు ఆర్‌ఓకే ఓటేశాను. మనం తాగే నీళ్లు చేపలకి మాత్రం చేదా అనుకున్నాను.

కైకలూరు దగ్గర రొయ్యల చెరువులు చేసే మా బావమరిది ఒకసారి ఇంటికొచ్చి ట్యాంకు చూశాడు. నేను టీడీఎస్ గురించి గొప్పగా చెబుతుంటే మధ్యలో ఆపి, "అది సరే బావా, ఆల్కలినిటీ ఎంత?" అన్నాడు. కొలవలేదన్నాను. వాడు నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది. చెరువు నీళ్లు ల్యాబుకి పట్టుకెళ్తే వాళ్లు ముందు చూసేవాటిలో అదొకటి. మనం అద్దాల పెట్టె పెట్టుకుని అదేంటో తెలియకుండా ఏళ్లు గడిపేస్తాం.

నా లెక్కలో ఏ నీళ్లు మంచివో తేల్చేది అదే. ఆల్కలినిటీ అంటే ఆమ్లాన్ని విరిచేసే నిల్వ నీళ్లలో ఎంత ఉందో చెప్పే లెక్క. ట్యాంకువాళ్లు దాన్ని కేహెచ్ అంటారు. చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమోనియాని ఫిల్టర్‌లో బ్యాక్టీరియా నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. ఒక్క గ్రాము అమోనియా నైట్రోజన్‌కి ఏడు గ్రాముల పైచిలుకు ఆల్కలినిటీ ఖర్చవుతుంది. నీళ్లలో ఆ నిల్వ ఉన్నంతకాలం పీహెచ్ (నీళ్ల పులుపుని చెప్పే అంకె, పులుపు పెరిగితే ఇది తగ్గుతుంది) కదలదు. నిల్వ అయిపోయిన రోజు పీహెచ్ ఒక్కసారి జారిపోతుంది. టీడీఎస్ మీటరు ఈ సంగతి చెప్పదు. అందులో ఉప్పూ కలుస్తుంది, సున్నమూ కలుస్తుంది, ఏది ఎంతో తేలదు.

కేహెచ్ కిట్‌తో కొలవడం పెద్ద పనేం కాదు. చిన్న గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని ఒక్కో చుక్కా వేస్తూ ఊపాలి. నీలంగా మొదలైన నీళ్లు పసుపు రంగుకి తిరిగేదాకా ఎన్ని చుక్కలు పడితే అన్ని డిగ్రీలు. డిగ్రీ అంటే దాదాపు 18 పీపీఎం, అంటే లీటరుకి 18 మిల్లీగ్రాములు. మా బోరు నీళ్లకి 15 చుక్కలు పట్టాయి, మున్సిపల్ నీళ్లకి 6. ఆర్‌ఓ నీళ్లలో మొదటి చుక్క పడగానే పసుపైపోయింది. అంటే నిల్వ ఏమీ లేదన్నమాట.

నేను దెబ్బ తిన్నది అక్కడే. 150 లీటర్ల ట్యాంకులో ఆరు ఏంజెల్ చేపలు పెట్టి, నెలన్నర పాటు అచ్చంగా ఆర్‌ఓ నీళ్లే మార్చాను. నీళ్లు అద్దంలా ఉన్నాయి, చేపలు మాత్రం రెక్కలు ముడుచుకుని మూలన నిలబడ్డాయి. పీహెచ్ పరీక్ష చేస్తే పూర్తి పసుపు, అంటే 6 లేదా ఇంకా కింద. అంత కిందికి దిగితే బ్యాక్టీరియా పని మందగిస్తుంది, అమోనియా పేరుకుంటుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపూ ఆ అమోనియా చాలావరకు హాని లేని రూపంలోనే ఉంటుంది. ఇది తెలియక కంగారుపడి, రాత్రికి రాత్రి సగం నీళ్లు తీసేసి బోరు నీళ్లు పోశాను. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే విషంగా మారే అమోనియా దాదాపు పది రెట్లవుతుంది. తెల్లారేసరికి రెండు ఏంజెల్స్ పోయాయి. తప్పు ఆర్‌ఓది కాదు, నాదే. అప్పటినుంచి మాత్రం "ఆర్‌ఓ అయితే సేఫ్ కదండీ" అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆర్‌ఓ అసలు పనికిరాదని కాదు. డిస్కస్, ర్యామ్, కార్డినల్ టెట్రా లాంటి మెత్తటి నీళ్ల చేపలు పెంచేవాళ్లకి, ముఖ్యంగా వాటిచేత గుడ్లు పెట్టించాలనుకునేవాళ్లకి అది కావాల్సిందే. అయితే అచ్చంగా కాదు, కలిపి వాడాలి. మా బోరు ఒక పాలు, ఆర్‌ఓ రెండు పాళ్లు కలిపితే కేహెచ్ 5 వస్తుంది. టెట్రాలకి అది చాలు. కలిపిన నీళ్లు ప్రతిసారీ అదే లెక్కలో ఉండాలి, కాబట్టి బకెట్టు మీద మార్కర్‌తో గీతలు పెట్టుకోండి. ఇంకో మాట, ఇంట్లో ఆర్‌ఓ ఒక బిందె నీళ్లిచ్చేలోపు రెండు మూడు బిందెలు బయటికి వదిలేస్తుంది. ఆ వదిలేసిన నీళ్లు మొక్కలకో గచ్చు కడగడానికో వాడండి, ట్యాంకులో మాత్రం పొయ్యొద్దు.

ఇక మున్సిపల్ నీళ్లు. 2015 నుంచి గోదావరి నీళ్లు, అంతకు ముందు నుంచే కృష్ణా నీళ్లు వస్తున్నా హైదరాబాద్‌లో చాలామందికి ఇప్పటికీ అవి మంజీరా నీళ్లే. కాగితం మీద చూస్తే చేపలకి ఇవే మేలు. మరీ గట్టివీ (సున్నం ఎక్కువున్నవీ) కావు, మరీ మెత్తవీ కావు. చిక్కల్లా క్లోరిన్‌తో. తాగునీటి ప్రమాణం ప్రకారం కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. మనకి అది రక్ష, చేప మొప్పలకి అదే శిక్ష. బకెట్లో పట్టి ఎయిర్ పంపు పెట్టి ఒక రోజు వదిలేస్తే చాలావరకు పోతుంది. తొందరుంటే యాంటీ క్లోరిన్ చుక్కలున్నాయి.

అసలు గండం కుళాయిలో లేదు, సంపులో ఉంది. అపార్ట్‌మెంట్ సంపులోకి రోజు విడిచి రోజు మంజీరా వస్తుంది, మిగతా రోజుల్లో బోరు, ఏప్రిల్ వచ్చిందంటే ట్యాంకరు. మీ బాత్‌రూమ్ కుళాయిలో ఈ వారం వచ్చిన నీళ్లూ వచ్చే వారం వచ్చే నీళ్లూ ఒకటి కావు. పోయిన వేసవిలో ఒక ఆదివారం పొద్దున మా వాచ్‌మన్ సంపు కడిగి బ్లీచింగ్ కలిపాడు. నాకు తెలీదు, సాయంత్రం నీళ్లు మార్చాను. పది నిమిషాల్లో గప్పీలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచాయి. క్లోరిన్‌ని విరిచే హైపో (సోడియం థయోసల్ఫేట్) చేతికందే దూరంలో ఉంది కాబట్టి సరిపోయింది.

ఇంత చెప్పాక నా మొగ్గు ఎటో మీకు అర్థమయ్యే ఉంటుంది. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వార్డ్‌టెయిల్, గోల్డ్‌ఫిష్, మలావీ సిక్లిడ్‌లు, మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి ఇవే. వీటన్నిటికీ బోరు నీళ్లు హాయిగా సరిపోతాయి. ఫారాల్లో తరతరాలుగా పెరిగిన ఏంజెల్స్ కూడా అలవాటు పడతాయి. మిగిలిన నా నాలుగూ ఇప్పుడు బోరు నీళ్లలోనే ఉన్నాయి. క్లోరిన్ టెన్షన్ లేదు, కేహెచ్ నిల్వ దండిగా ఉంది. ఎండాకాలం కాస్త గట్టిపడటం తప్ప పెద్ద మార్పు ఉండదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పీహెచ్ 8 దగ్గర ఉంటుంది కాబట్టి అమోనియా విషయంలో ఏమరుపాటు కుదరదు. చేపల్ని కుక్కి పెంచేవాళ్లకి, మేత గుప్పెళ్లతో వేసేవాళ్లకి బోరు నీళ్లు క్షమించవు. భూమిలోంచి అప్పుడే వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. అందుకే ఒక రాత్రి ఎయిర్ పంపు కింద ఉంచి పొయ్యండి. అద్దం మీద నీటి గీత వెంబడి తెల్లటి చారలు కడుతుంది, నిమ్మచెక్కతో రుద్దితే పోతాయి. జుట్టు ఊడిపోతోందని మీ అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌నర్ పెట్టించారా? అయితే దానికి ముందున్న పైపు నుంచి పట్టుకోండి. సాఫ్ట్‌నర్ కాల్షియం తీసేసి సోడియం పెడుతుంది, టీడీఎస్ తగ్గించదు.

సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు ఉప్పగా ఉంటే నేను చెప్పిందంతా పక్కన పెట్టి మున్సిపల్ నీళ్లకే వెళ్లండి. 20 లీటర్ల టిన్ను నీళ్లంటారా, సాధారణంగా అవీ ఆర్‌ఓ నీళ్లే. వాన నీళ్లు కూడా అంతే, పైగా డాబా మీది దుమ్ము అదనం.

నేను చివరికి చేసింది ఒక్కటే. ప్లంబర్‌ని పిలిచి, సంపులోకి వెళ్లే బోరు పైపుకి ముందే ఒక టీ జాయింటు వేయించి కుళాయి పెట్టించాను. అసోసియేషన్‌లో రెండు మీటింగుల గొడవైంది, అది వేరే కథ. శనివారం మోటారు వేసినప్పుడు రెండు డ్రమ్ములు పడతాను, ఆదివారం మారుస్తాను. బ్లీచింగ్ వేసే రోజైతే వాచ్‌మన్ తనే ఫోన్ చేసి అడుగుతున్నాడు: "సార్, మీ చేపలకి నీళ్లు పట్టేసుకున్నారా?"