తొమ్మిదేళ్ల వాడకంలో మా ఇంటి కార్డ్‌లెస్ ఫోను: అడుగున ఉన్న చీటీ చెప్పిన సంగతులు

2016 వేసవిలో విశాఖపట్నంలోని మా ఇంటికి ఒక బేస్ యూనిట్, రెండు హ్యాండ్‌సెట్లు ఉన్న కార్డ్‌లెస్ ఫోను కొన్నాము. అమ్మ, నాన్నగారు కింద ఉంటారు, మేము పై అంతస్తులో ఉంటాము. ల్యాండ్‌లైన్ మోగిన ప్రతిసారీ ఎవరో ఒకరు మెట్లు దిగి పరుగెత్తవలసిన అవసరం లేకుండా చేయాలన్నదే అప్పటి ఉద్దేశం. ఆ మోడల్ ఇప్పుడు దుకాణాల్లో దొరకడం లేదు కనుక పేరు రాయడం లేదు. ఇక్కడ రాసేవి దాదాపు ఏ కార్డ్‌లెస్ ఫోనుకైనా వర్తిస్తాయి.

మాట స్పష్టత విషయంలో ఈ తొమ్మిదేళ్లలో నాకు ఫిర్యాదు లేదు. ఇంట్లో 50 మీటర్లు, ఆరుబయట 300 మీటర్ల వరకు పనిచేస్తుందని పెట్టె మీద రాశారు కానీ, మధ్యలో కాంక్రీటు స్లాబు ఉన్న మా ఇంట్లో మేడ మీది నీళ్ల ట్యాంకు దాకా వెళ్తే మాట తెగిపోతుంది. ఇది 1880 నుంచి 1900 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే డెక్ట్ (డిజిటల్ కార్డ్‌లెస్ ఫోన్ల ప్రమాణం) రకం కావడం వల్ల 2.4 గిగాహెర్ట్జ్ వైఫైతో ఎన్నడూ పేచీ రాలేదు.

నేను ఎక్కువగా తెలుసుకున్నది బ్యాటరీల గురించి. ఒక్కో హ్యాండ్‌సెట్‌లో ట్రిపుల్‌-ఎ సైజు నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ సెల్లులు రెండు ఉంటాయి. మూడో ఏడాది అవి నీరసించినప్పుడు, నేను ఊళ్లో లేని సమయంలో, ఇంట్లోవాళ్లు వీధి చివరి దుకాణంలో మామూలు ఆల్కలైన్ సెల్లులు కొని వేశారు. సైజు ఒకటే కాబట్టి అవి చక్కగా అమరిపోయాయి, ఫోను కూడా పనిచేసింది. పది రోజుల తర్వాత చూస్తే ఒక సెల్లు నుంచి రసం కారి స్ప్రింగు పచ్చబడి ఉంది. ఆల్కలైన్ సెల్లు చార్జింగ్‌కు తయారు చేసినది కాదు. హ్యాండ్‌సెట్‌ను బేస్ మీద పెట్టిన ప్రతిసారీ దానిలోకి బలవంతంగా కరెంటు ఎక్కుతుంది, లోపల వాయువు పుట్టి అది కారవచ్చు, పగలనూ వచ్చు. అప్పటి నుంచి 1.2 వోల్టుల రీచార్జబుల్ సెల్లులే, రెండూ ఒకే రకానివి, ఒకేసారి మారుస్తున్నాను. సముద్రపు గాలికి చార్జింగ్ పిన్నుల మీద పొర కడుతుంది కనుక నెలకోసారి అడాప్టర్ తీసి పొడిగుడ్డతో తుడుస్తాను. తుడవని నెలలో హ్యాండ్‌సెట్ రాత్రంతా బేస్ మీదే ఉన్నా పొద్దున చార్జి ఉండదు.

పాత రాగి తీగ లైనులో ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టుల కరెంటు వచ్చేది కాబట్టి ఊరంతా చీకటైనా వైరు ఫోను మోగేది. కార్డ్‌లెస్ బేస్ మాత్రం ఇంటి కరెంటు పోగానే ఆగిపోతుంది, హ్యాండ్‌సెట్‌లో చార్జి నిండుగా ఉన్నా ప్రయోజనం ఉండదు. 2021లో మేము ఫైబర్ కనెక్షన్‌కు మారాక ఈ ఇబ్బంది ఇంకా పెరిగింది, ఎందుకంటే ఫైబర్ పెట్టెకు కూడా కరెంటు కావాలి. పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్నప్పుడు 108కో 112కో ఫోను చేయవలసి వస్తే ఏమిటన్న ఆలోచనతో బేస్‌ను, ఫైబర్ పెట్టెను ఇన్వర్టర్ లైనుకు కలిపించి, పాత వైరు ఫోనును కూడా పక్కనే ఉంచాను.

నాన్నగారికి పేస్‌మేకర్ అమర్చినప్పుడు నేను ఫోనుతో వచ్చిన సూచనల పుస్తకాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాను. డాక్టరు గారు హ్యాండ్‌సెట్‌ను పేస్‌మేకర్‌కు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచమని, అది ఉన్న వైపు కాక రెండో చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడమని, చొక్కా జేబులో వేసుకోవద్దని చెప్పారు. డెక్ట్ హ్యాండ్‌సెట్ గరిష్ఠ శక్తి 250 మిల్లీవాట్లు అయినా, మాట్లాడేటప్పుడు కాలంలో 24వ వంతు మాత్రమే తరంగాలు పంపుతుంది కాబట్టి సగటు దాదాపు 10 మిల్లీవాట్లే. అయితే బేస్ ఎవరూ మాట్లాడనప్పుడు కూడా సంకేతాలు పంపుతూనే ఉంటుంది. అందుకే దాన్ని నాన్నగారి మంచం పక్క నుంచి హాలులోకి మార్చాను. పిడుగులు పడే సాయంత్రాల్లో బేస్ అడాప్టర్‌ను ప్లగ్గు నుంచి తీసేస్తాము. రాగి తీగ ఉన్న రోజుల్లో టెలిఫోన్ తీగను కూడా ఊడదీసేవాళ్లం.

ఇక ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం. పోయిన సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చిన తమ్ముడు మా పాత ఫోను చూసి జాలిపడి, అక్కడి నుంచి ఎంతో ప్రేమగా తెచ్చిన కొత్త సెట్టు చేతిలో పెట్టాడు. దాని మీద డెక్ట్ 6.0 అని ఉంది, అంటే అమెరికా రకం డెక్ట్. అడుగున చీటీ చూశాను: 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్, అడాప్టర్ ఇన్‌పుట్ 120 వోల్టులు. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే ఆ అడాప్టర్ కాలిపోతుంది. వేరే అడాప్టర్ కొనవచ్చు కదా అన్నాడు వాడు. అడాప్టర్ మారుతుంది గాని ఫోను పంపే తరంగాలు మారవు. మన దగ్గర 2100 మెగాహెర్ట్జ్ మొబైల్ బ్యాండులో 1920 నుంచి 1980 వరకు మొబైల్ ఫోన్ల నుంచి టవరుకు వెళ్లే సంకేతాల చోటు. అక్కడ ఈ కార్డ్‌లెస్ ఫోను మోగితే టవరుకు చుట్టుపక్కల వాళ్ల ఫోన్లు వినపడకుండా పోయే ప్రమాదం ఉంది. ఈ కారణంగానే ఆస్ట్రేలియా, పాకిస్థాన్ నియంత్రణ సంస్థలు ఇలాంటి ఫోన్లు వాడవద్దని ప్రజలను హెచ్చరించాయి. ఇక్కడ కొన్న మా సెట్టును అమెరికాకు తీసుకెళ్లినా ఇదే తప్పు అవుతుంది, ఎందుకంటే అక్కడ 1850 నుంచి 1910 వరకు మొబైల్ కంపెనీలకు ఇచ్చారు.

మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కాలం నుంచీ లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరంగా ఉంది. మినహాయింపు ఇచ్చిన తరంగాల్లో, పరిమిత శక్తితో పనిచేసే పరికరాలను మాత్రమే లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. కిలోమీటర్ల దూరం మాట్లాడవచ్చని ఒకప్పుడు రహస్యంగా అమ్మిన లాంగ్ రేంజ్ కార్డ్‌లెస్ ఫోన్లు ఆ మినహాయింపులోకి రావు. 2019 అక్టోబరు 1 నుంచి అమ్మకానికి వచ్చే కార్డ్‌లెస్ ఫోన్లకు టెలికమ్యూనికేషన్ ఇంజినీరింగ్ సెంటర్ ధ్రువీకరణ కూడా తప్పనిసరి. కొత్తది కొనేవాళ్లు ధర అడిగేముందు పెట్టెను తిప్పి, ఆ ధ్రువీకరణ ఉందో లేదో, అడాప్టర్ మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉన్నాయో లేదో చూడాలని నా విన్నపం.

తమ్ముడు మొదట చిన్నబుచ్చుకున్నాడు. నాన్నగారే వాణ్ణి కూర్చోబెట్టి, రెండు ఫోన్లనూ పక్కపక్కన బోర్లించి చీటీలు చదివించారు. తిరిగి వెళ్లేటప్పుడు ఆ సెట్టును వాడి పెట్టెలోనే సర్దాము; ఇప్పుడు అది డాలస్‌లో వాళ్లింట్లో పనిచేస్తోంది, ఆదివారం పొద్దున వాడు దాన్నుంచే మా పాత ఫోనుకు చేస్తాడు.